ఆకాశ పాఠానికి మాన్యం ఎవరిస్తారు?

2023 ఆగస్టు 23వ తేదీ సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి సమీపంలో దిగిన నాటి నుండి మన సరిహద్దు గ్రామాల బడులలో పిల్లల ప్రశ్నల తీరు మారినది. ప్రభుత్వం ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించగా 2024 నుండి బడులు దానిని జరుపుకొంటున్నాయి. చాలాచోట్ల ఒక ఉపన్యాసంతో, ఒక వ్యాసరచన పోటీతో ఆ దినం ముగిసిపోతున్నది. మరునాడు ఒక పిల్లవాడు "శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాన్ని మనం చూడవచ్చునా?" అని అడిగితే చూపించడానికి బడిలో సాధనం ఉండదు, సాధనం ఉన్నా రాత్రివేళ దగ్గరుండి చూపించే మనిషి ఉండడు. తల్లిదండ్రులు అడిగే ప్రశ్న వేరు: "ఇటువంటి వాటికి డబ్బు ఎవరైనా ఇస్తారా మాస్టారూ?"

ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, రాష్ట్రాల విజ్ఞాన మండళ్ళు, పెద్ద కంపెనీలు, అంతర్జాతీయ ఖగోళ సంఘం కూడా ఇస్తాయి. ఆ డబ్బు ఏ నియమాలతో వస్తుంది, మన ఊళ్ళ దాకా రాకుండా ఎక్కడ ఆగుతున్నది, రావాలంటే మనం ఏమి అడగాలి అన్నవి తల్లిదండ్రులు తెలుసుకోదగిన సంగతులు.

ముందుగా గ్రాంటు అన్న మాటను చూద్దాము. కన్నడ, మరాఠీ, ఒడియా భాషలలో దీనిని 'అనుదానం' అంటారు. తమిళంలో 'మానియం' అంటారు. ఆ తమిళ మాట వినగానే మన పెద్దలకు దేవుని మాన్యాలు జ్ఞాపకం వస్తాయి. గ్రాంటు స్వభావం తెలియడానికి నిజానికి మాన్యమే సరియైన పోలిక. మాన్యం అప్పు కాదు, ఊరక ఇచ్చిన దానమూ కాదు. గుడిలో దీపం పెట్టేవారికో, చెరువు తూము కాచే నీరుగంటికో, ఆ పని సాగినంత కాలం అనుభవించమని ఇచ్చిన భూమి అది. గ్రాంటు కూడా అంతే. తిరిగి కట్టనక్కర లేదు. కాని చెప్పిన పనిని చెప్పిన గడువులో చేసి లెక్క అప్పగించాలి. అమెరికాలో నాసా 1989 నుండి నడుపుతున్న ఒక విద్యా పథకానికి 'స్పేస్ గ్రాంట్' అని పేరు. పూర్వం అక్కడి ప్రభుత్వం కళాశాలల కోసం భూములిచ్చిన పద్ధతిని తలచుకొని పెట్టిన పేరది. ఆ పథకం వారి రాష్ట్రాలకే పరిమితం కనుక మనకు దానితో పని లేదు గాని, మాన్యం అన్న ఊహ అక్కడా ఇక్కడా ఒకటేనన్నది ముచ్చటైన విషయం.

ఆకాశం కోసం సొంత ధనం వెచ్చించినవారు తెలుగు నేలలోనూ ఉన్నారు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో విశాఖపట్టణంలో తమ సొంత వేధశాలను నెలకొల్పారు. తరువాత వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దానిని నడిపి 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన దృశ్యాన్ని పరిశీలించారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ తెప్పించిన పెద్ద టెలిస్కోపుతో 1901లో నిజామియా వేధశాల మొదలైనది. ఆ వేధశాలలో ఒక ఉద్యోగి కుమారుడు వేణు బప్పు. మలయాళ కుటుంబంలో 1927లో పుట్టి, హైదరాబాదులో చదివి, తరువాత దేశంలోని ఖగోళ పరిశోధనకే పెద్దదిక్కు అయినాడు. జమీందార్లూ నవాబులూ తాము చూడడానికి ఖర్చు చేశారు. పిల్లలకు చూపించడం వారి ఉద్దేశం కాదు. అయినా టెలిస్కోపు దగ్గర తిరుగాడిన ఒక పిల్లవాని వలన ఎంత మేలు కలిగినదో చూడండి. ఆ చనువును ఉద్యోగి కొడుకుకే కాక కూలివాని కూతురికి కూడా కలిగించడానికి పెట్టే ఖర్చే నేడు మనం చెప్పుకొనే ఈ గ్రాంటు.

మన సరిహద్దులో ఇంకొక విచిత్రం ఉన్నది. దేశంలోని పేరుపొందిన వేధశాలలలో రెండు మన గడపలోనే ఉన్నాయి. హిందూపురం దాటి కర్ణాటకలో ప్రవేశిస్తే వచ్చే గౌరీబిదనూరు సమీపంలో 1970ల నుండి రేడియో టెలిస్కోపు పని చేస్తున్నది. అది అద్దాలతో చూసేది కాదు, ఆకాశం నుండి వచ్చే రేడియో తరంగాలను పట్టేది. పొలంలో పాతిన వరుస వరుసల తీగెలే దాని కన్నులు. 1997 నుండి అక్కడి మరొక యంత్రం సూర్యుని చుట్టూ ఉండే కరోనాను గమనిస్తున్నది. ఇటు తమిళనాడులో, వాణియంబాడికి దక్షిణంగా జవ్వాది కొండలలో కావలూరు వేధశాల ఉన్నది. వేణు బప్పు ఎంచుకొన్న చోటు అది. 1986లో ఆయన పేరే దానికి పెట్టారు. అక్కడి 2.34 మీటర్ల అద్దం గల టెలిస్కోపు మన దేశంలోనే తయారైనది. 1977లో యురేనస్ గ్రహానికి వలయాలున్నవని తెలిసిన పరిశీలనలలో కావలూరుకు భాగమున్నది. 1988లో అక్కడ కనుగొన్న చిన్న గ్రహానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు.

ఈ రెండు ఊళ్ళ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అయితే "అక్కడ కంచె లోపల ఏముంది?" అని నేను పిల్లలను అడిగిన ప్రతిసారీ "ఏదో కరెంటు వాళ్ళదట" అన్న జవాబే ఎక్కువగా వచ్చినది. శాస్త్రం మన పొలం గట్టు వరకు వచ్చి, మన భాషలోకి రాలేదు.

డబ్బు ఉన్న తలుపులు

కేంద్రంలో ఈ పనికి పాత తలుపు విజ్ఞాన సాంకేతిక శాఖది. ప్రజలలో శాస్త్ర ప్రచారం కోసం 1982లో అందులో ఒక జాతీయ మండలి ఏర్పడినది. ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 28న మన బడులు జరిపే జాతీయ విజ్ఞాన దినోత్సవం 1987లో దాని చొరవతో మొదలైనదే. రాష్ట్రాల విజ్ఞాన మండళ్ళ ద్వారానూ, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థల ద్వారానూ ఆ నిధులు పంపిణీ అవుతూ వచ్చాయి. 1989లో స్థాపించిన విజ్ఞాన్ ప్రసార్ అనే కేంద్ర సంస్థ భారతీయ భాషలలో పుస్తకాలు వేసి, బడులలో విజ్ఞాన సంఘాలను పోషించినది. 2004 శుక్ర సంక్రమణానికి అది చేసిన ప్రచారం కొందరు పాఠకులకు జ్ఞాపకం ఉండవచ్చు. ఆ సంస్థను ప్రభుత్వం 2023లో మూసివేసినది. దాని మీదనే ఆధారపడిన చిన్న సంఘాలకు ఆసరా తప్పినది. ఒక్క మాన్యం మీద గుడి నడపరాదని మన పెద్దలకు తెలుసు. సంఘాలకూ అది వర్తిస్తుంది.

ఇస్రో సంస్థ 2019లో 'యువిక' అనే కార్యక్రమం ప్రారంభించినది. తొమ్మిదవ తరగతి చదివే పిల్లలను ఎంపిక చేసి, వేసవి సెలవులలో తన కేంద్రాలకు పిలిపించుకొని, దాదాపు రెండు వారాలు రాకెట్ల గురించీ ఉపగ్రహాల గురించీ బోధిస్తుంది. రైలు ప్రయాణం, బస, భోజనం, పుస్తకాల ఖర్చు ఇస్రోదే. ఎంపికలో ఎనిమిదవ తరగతి మార్కులతో పాటు విజ్ఞాన ప్రదర్శనలలో పాల్గొనడం, ఆటలు, స్కౌట్స్ వంటివి లెక్కకు వస్తాయి; గ్రామీణ ప్రాంతపు బడిలో చదివేవారికి అదనపు ప్రాధాన్యం ఉన్నది. ఇది సంస్థకు ఇచ్చే గ్రాంటు కాదు, నేరుగా పిల్లకే అందే సహాయం. కనుక మన కుటుంబాలకు అన్నిటికన్న సులభమైన తలుపు ఇదే. దరఖాస్తుకు గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆలోగా సర్టిఫికెట్లు సిద్ధంగా లేక తప్పిపోయే పిల్లలే ఎక్కువ.

ఇక్కడ సరిహద్దువారు తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. ఇటువంటి పథకాలలో రాష్ట్రం అంటే బడి ఉన్న రాష్ట్రం, మాతృభాష రాష్ట్రం కాదు. పావగడలోని తెలుగు పిల్ల కర్ణాటక లెక్కలోనూ, హోసూరులోని తెలుగు మాధ్యమపు పిల్లవాడు తమిళనాడు లెక్కలోనూ వస్తారు. 2019లో యువికకు ప్రతి రాష్ట్రం నుండీ, ప్రతి కేంద్రపాలిత ప్రాంతం నుండీ ముగ్గురేసి పిల్లలను తీసుకొన్నారు. యానాం పిల్లలు ఆ లెక్కలో పుదుచ్చేరివారు. "మనం తెలుగువాళ్ళం కదా" అని హైదరాబాదుకో, అమరావతికో దరఖాస్తు పంపితే ప్రయోజనం లేదు. గౌరీబిదనూరు బడి బెంగళూరులోని రాష్ట్ర విజ్ఞాన సాంకేతిక మండలిని అడగాలి; హోసూరు బడి చెన్నై మండలిని అడగాలి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో రాష్ట్రాలకు చెప్పినది. కాని విజ్ఞాన శాఖ దరఖాస్తు పత్రం తెలుగులో ఉండాలని ఏ అధికరణమూ చెప్పలేదు. పత్రం ఆ రాష్ట్ర భాషలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. మన ఇళ్ళలో రెండు భాషలు వచ్చిన పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు ఎందరో ఉన్నారు. పత్రం నింపడానికి వారు చాలు.

కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబు పథకం క్రింద ఒక్కొక్క ఉన్నత పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చారు: సామగ్రికి 10 లక్షలు, నిర్వహణకు అయిదేళ్ళలో మరి 10 లక్షలు. ఇది ఖగోళానికి ప్రత్యేకించినది కాదు. అయితే అటువంటి 100 ల్యాబులను తాను దత్తత తీసుకొంటానని ఇస్రో 2021లో ప్రకటించినది. ప్రభుత్వ పాఠశాలలలో అయిదేళ్ళలో మరి 50,000 ల్యాబులు పెట్టాలని 2025 కేంద్ర బడ్జెటులో చెప్పారు. మీ ఊరి హైస్కూలు ఆ జాబితాలో ఉన్నదా లేదా అని పాఠశాల యాజమాన్య సమితి సమావేశంలో అడగడానికి తల్లిదండ్రులకు హక్కు ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ సమితిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి.

కంపెనీల తలుపు వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక పరిమితికి మించిన ఆస్తిగాని, అమ్మకాలుగాని, లాభంగాని గల కంపెనీ తన గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలి. విద్యా వికాసం అందులో ఒకటి. తాను పని చేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెప్పినది. హోసూరు, హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల ఎన్ని ఫ్యాక్టరీలున్నవో మనకు తెలుసు. మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు అడుగుతున్నాము గాని, బడికి ఆకాశం చూపించమని అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

విదేశీ గ్రాంటు, దాని చిక్కు

అంతర్జాతీయ ఖగోళ సంఘం 2011లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో ఒక కార్యాలయం తెరిచినది. ఖగోళశాస్త్రం ద్వారా సామాన్య ప్రజల జీవితం బాగుపడే ఏ పనికైనా ప్రపంచంలోని ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చునని ఏటా ప్రకటన ఇస్తున్నది. లద్దాఖ్ గ్రామాలలో ఆ సహాయంతో జరిగిన ఒక పని మనకు చక్కని ఉదాహరణ. అక్కడి గృహిణులకు టెలిస్కోపు వాడడం నేర్పారు. యాత్రికులు వారి ఇళ్ళలో బస చేసి, రాత్రి ఆకాశం చూసి, డబ్బు చెల్లిస్తారు. తరువాత 2022లో లద్దాఖ్‌లోనే హాన్లే ప్రాంతాన్ని చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ అక్కడి గ్రామస్థులనే ఎంపిక చేసి, టెలిస్కోపులిచ్చి, తర్ఫీదు ఇచ్చినది. కావలూరునూ గౌరీబిదనూరునూ నడిపేది కూడా ఆ సంస్థే అన్నది పాఠకులు గమనించాలి. అదే అంతర్జాతీయ సంఘానికి జర్మనీలో విద్యా కార్యాలయం కూడా ఉన్నది. ఉపాధ్యాయ శిక్షణ శిబిరాలకు అది తోడ్పడుతుంది. మన దేశంలో దానికి పుణేలోని ఐయూకా కేంద్రంగా పని చేస్తున్నది. మహారాష్ట్రలోని మన తెలుగు బడులకు అది దగ్గరి తలుపు.

అయితే విదేశీ డబ్బుకు చట్టం అడ్డుగోడ ఉన్నది. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం క్రింద రిజిస్ట్రేషను గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘం అటువంటి డబ్బు తీసుకోరాదు. 2020 సవరణ తరువాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. తీసుకొన్న సంస్థ దానిని మరొక సంస్థకు మళ్ళించరాదు. రిజిస్ట్రేషను కావాలంటే సంఘం కనీసం మూడేళ్ళుగా పని చేస్తూ 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఊరి యువజన సంఘానికి అది అందని పండు. ఉత్సాహంతో ఎవరో ఒకరి సొంత ఖాతాలోకి తెప్పించుకొంటే నేరమవుతుంది. మార్గమేమంటే, అనుమతి ఉన్న విశ్వవిద్యాలయమో, పరిశోధన సంస్థో దరఖాస్తు చేసి, ఖర్చు తానే పెడుతూ, మన గ్రామాన్ని కార్యక్రమ స్థలంగా ఎంచుకోవడం. మనం డబ్బు అడగకుండా వారిని రమ్మని అడగాలి.

స్వదేశీ గ్రాంటులకూ కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. సంఘానికి రిజిస్ట్రేషను, బ్యాంకు ఖాతా, ఆడిట్ అయిన లెక్కలు, దర్పణ్ నమోదు సంఖ్య కావాలి. డబ్బు వాయిదాలలో వస్తుంది. మొదటి వాయిదాను ఎలా వాడారో చూపే వినియోగ ధ్రువపత్రం ఇవ్వనిదే రెండవది రాదు. ఒక రసీదు పోయినందుకు ఏడాది పొడుగునా ఆగిపోయిన కార్యక్రమాలున్నాయి.

ఏమి అడగాలి?

నా అభిప్రాయంలో మనవారు తప్పటడుగు వేసేది ఇక్కడే. గ్రాంటు అనగానే టెలిస్కోపు అడుగుతారు. ఒక బడిలో బీరువా తెరిపించి చూస్తే మంచి టెలిస్కోపే కనబడినది. అద్దం మీద బూజు, గొట్టంలో సాలెగూడు. ఇచ్చినవారు ఫోటో తీసుకొని వెళ్ళారు. వాడడం నేర్పినవారు లేరు. ఉపాధ్యాయుడు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాడు, చుక్కలు ఆ తరువాత వస్తాయి. వస్తువు కొనడానికి డబ్బు దొరకడం తేలిక. రాత్రికి మనిషిని నిలపడానికి దొరకడమే కష్టం, కనుక దానినే అడగాలి.

ప్రతిపాదనలో ఇవి ఉండాలి: ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ, ఏడాదికి పది రాత్రులు, ఆ రాత్రులకు పిల్లల భోజనం, ఆడపిల్లలను ఇళ్ళకు చేర్చే ఏర్పాటు, ఒకసారి కావలూరుకు బస్సు, తెలుగులోనూ ఆ రాష్ట్ర భాషలోనూ అచ్చువేసిన నక్షత్ర పటాలు. చిన్న టెలిస్కోపు చివరి పద్దు కావాలి. గెలీలియో మొదట ఆకాశం చూచి 400 ఏళ్ళయిన సందర్భంగా 2009లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంవత్సరానికి 50 మిల్లీమీటర్ల కటకంతో చౌకగా తయారు చేసిన గెలీలియోస్కోపుతో శని వలయం కనబడుతుంది. ఒడిశాలోని ఖండపడాలో 19వ శతాబ్దంలో పఠాణి సామంత అనే పండితుడు కట్టెతో, వెదురుతో చేసుకొన్న పనిముట్లతోనే గ్రహాల స్థానాలను లెక్కగట్టి చూపాడు. భువనేశ్వర్ ప్లానిటోరియానికి ఆయన పేరే పెట్టారు. బరంపురం, పర్లాకిమిడి ప్రాంతపు మన పిల్లలకు అది చూడదగిన చోటు.

భాష పద్దును మాత్రం ఎవరూ కొట్టివేయకుండా చూసుకోవాలి. మన రైతుకు ఖగోళం కొత్త కాదు. మృగశిర కార్తె అంటే సూర్యుడు మృగశిర నక్షత్ర భాగంలో ఉండే పదమూడు, పద్నాలుగు దినాలు. అటువంటి 27 కార్తెలు కలిస్తే సంవత్సరం. కన్నడ రైతు దానినే మృగశిర మళె అంటాడు. కృత్తికలను మన అవ్వలు పిల్లలకోడి అంటారు. తెల్లవారుజామున కనిపించే శుక్రుడు వేగుచుక్క. ఇంటిలో ఉన్న ఈ మాటల నుండి పాఠం మొదలైతే పిల్ల వెంటనే అందుకొంటుంది. ఆ పిల్లకు ఇంగ్లీషు పేరు మొదట చెప్పి, కన్నడంలో అర్థం చెప్పి, పరీక్ష తెలుగులో పెడితే ఆకాశం మీదే విరక్తి కలుగుతుంది. "స్థానిక భాషలో సామగ్రి" అన్న మాటకు గ్రాంటు ఇచ్చేవారు విలువ ఇస్తారు. రెండు భాషల గ్రామమన్నది మనకు లోపం కాదు, ప్రతిపాదనలో మొదటి వాక్యంగా వ్రాయదగిన అర్హత. మన ఊళ్ళ చీకటి కూడా అటువంటిదే. బెంగళూరు పిల్లలకు పాలపుంత కనబడదు.

అడగడానికి ఒక సమయం కూడా ఉన్నది. ప్రకటనకూ మంజూరుకూ మధ్య ఏడాది, ఒక్కొక్కసారి అంతకన్న ఎక్కువ గడిచిపోతుంది. 2031 మే 21న వలయ సూర్యగ్రహణం కేరళ, తమిళనాడుల దక్షిణ భాగం మీదుగా సాగుతుంది. మన సరిహద్దు జిల్లాలలో పాక్షికంగా అయినా సూర్యబింబంలో పెద్ద భాగమే కప్పబడుతుంది. 2019 డిసెంబరు 26న అటువంటి గ్రహణమే వచ్చినప్పుడు మన వీధులలో తలుపులు మూసుకొన్న ఇళ్ళే ఎక్కువ. అనుమతి పొందిన గ్రహణపు కళ్ళద్దాలు, చూపించే మనుషులు అప్పటికి ఉండాలంటే ప్రతిపాదన 2029లోగా వెళ్ళాలి. అది మే నెల, బడులకు సెలవులు. కనుక దరఖాస్తు మీద ప్రధానోపాధ్యాయుని సంతకంతో పాటు పంచాయతీ సంతకం కూడా ఉండడం మంచిది.